విశాఖ కార్తెలో బంగాళాదుంప

ప్రశ్న: మాది విజయవాడ, సత్యనారాయణపురం. మేడ మీద పదిహేను గ్రో బ్యాగులలో కూరగాయలు పెంచుతున్నాను. వంగ, బెండ, ఆకుకూరలు బాగానే వస్తున్నాయి గానీ బంగాళాదుంప మాత్రం రెండుసార్లూ చేదు అనుభవమే మిగిల్చింది. మొదటిసారి ఆగస్టులో నాటితే దుంపలు మట్టిలోనే కుళ్ళిపోయాయి. రెండోసారి ఈ ఏడాది ఫిబ్రవరి మొదటి వారంలో, వంటింట్లో మొలకెత్తిన దుంపలనే నాటాను. మొక్కలు మోకాలి ఎత్తు దాటి గుబురుగా పెరిగాయి. ఏప్రిల్‌లో తవ్వితే గోళీలంత దుంపలు నాలుగైదు దొరికాయి. జహీరాబాద్‌లో ఉంటున్న మా అక్క దసరాకే నాటెయ్యమంటోంది. పక్కింటివారు సంక్రాంతి తరువాత మంచిదంటున్నారు. మన దగ్గర అసలు ఎప్పుడు నాటాలి? దుంపలను కోసి నాటాలా, మొత్తంగా నాటాలా?

సమాధానం: ముందుగా తేదీ చెబుతాను, కారణం తరువాత చెబుతాను. విజయవాడలోనైనా, నేనుండే గుంటూరులోనైనా బంగాళాదుంప నాటవలసింది విశాఖ కార్తెలో, అంటే సుమారుగా నవంబరు 6 నుంచి 19 లోపల. నాగుల చవితికి అటూ ఇటూగా విత్తనం సిద్ధంగా ఉంచుకొని, వాన లేని రోజు చూసి నాటితే చాలు. మీ అక్కగారు చెప్పిన కాలం జహీరాబాద్‌కు సరైనదే. పక్కింటివారి మాట మాత్రం మన జిల్లాలలో ఏ ఊరికీ సరిపోదు.

ఈ లెక్క అర్థం కావాలంటే నాటే రోజును కాసేపు పక్కన పెట్టి, దుంప ఊరే వారాలను చూడాలి. మీరు నాటిన దుంప నుంచి మొలక పైకి రావడానికి పది పన్నెండు రోజులు పడుతుంది. ఆ తరువాత కాండం అడుగున, మట్టిలోనే, పక్కలకు సన్నని తీగల వంటి కొమ్మలు సాగుతాయి. నాటిన ముప్ఫై, ముప్ఫై అయిదు రోజులకు ఆ కొమ్మల చివర్లు సాగడం ఆపి ఉబ్బడం మొదలుపెడతాయి; మనం తినే దుంప అదే. వేరు కాదు, కాండం. ఆ ఉబ్బడం మొదలయ్యే వారంలోనూ, ఆ తరువాతి ఐదారు వారాలలోనూ రాత్రులు చల్లగా ఉండాలి. పగటి ఎండ కాస్త ఎక్కువైనా మొక్క ఓర్చుకుంటుంది గానీ, రాత్రి వేడిని ఓర్చుకోలేదు. దుంప ఊరడానికి 15 నుంచి 20 డిగ్రీల వేడి హాయిగా ఉంటుంది. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీలు దాటిన కొద్దీ దుంపలు తగ్గుతూ వస్తాయి. నేల వేడి 30 డిగ్రీలకు చేరితే దుంప కట్టడం దాదాపు ఆగిపోతుంది. వేడిలో మొక్కలో పొడుగు పెంచే హార్మోను ఎక్కువై, ఉబ్బవలసిన కొమ్మ చివర్లు ఆకులు వేసే పనిలో పడతాయి. దీనికి తోడు పగలంతా ఆకు తయారుచేసుకున్న పిండిపదార్థం వేడి రాత్రుల్లో మొక్క ఊపిరికే ఖర్చయిపోతుంది. జీతం వచ్చిన రోజే అప్పులవాళ్ళు గుమ్మంలో నిలబడితే ఇంట్లో ఏం మిగులుతుంది? మీ ఫిబ్రవరి మొక్కల కథ సరిగ్గా ఇదే. ఆ మొక్కలు దుంప కట్టవలసిన సమయం మార్చి రెండో వారంలో వచ్చింది. అప్పటికి బెజవాడ ఎండ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. మొక్కలు గుబురుగా పెరిగాయని మీరు సంతోషించారు. ఆ గుబురే దుంప లేకపోవడానికి గుర్తు.

ఇప్పుడు మన చలికాలాన్ని కొలవండి. నవంబరులో రాత్రులు ఇంకా 21, 22 డిగ్రీల దగ్గరే ఉంటాయి. డిసెంబరు మొదటి వారం నుంచి జనవరి చివరి వరకు కనిష్ఠ ఉష్ణోగ్రత సాధారణంగా 17, 20 డిగ్రీల మధ్య ఊగుతుంది. కొన్ని తెల్లవారుజాములు అంతకన్నా చల్లబడతాయి. ఫిబ్రవరి నడిమికి మళ్ళీ పైకి పోతుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని ఊరికే అనలేదు. అంటే బంగాళాదుంపకు మన ఊరు ఇచ్చే గడువు ఎనిమిది వారాలు, ఆపైన ఒక వారం. పైరు కాలం మొత్తం 75 నుంచి 90 రోజులు. ఆ ఎనిమిది వారాలనూ దుంప ఊరే దశకే కేటాయించి, మొలక, ఆకు పెరిగే మొదటి నెలను మాత్రం దాని ముందుకు నెట్టాలి. నవంబరు 10న నాటితే డిసెంబరు 12 ప్రాంతంలో దుంప కట్టడం మొదలవుతుంది, జనవరి నెలాఖరుకు ఊరడం దాదాపు పూర్తవుతుంది. పగటి నిడివి తక్కువగా ఉండడం కూడా దుంప కట్టడానికి మేలు చేస్తుంది. పుష్యమాసంలో పూసలు గుచ్చడానికి పొద్దుండదంటారే, ఆ పొట్టి పొద్దు ఈ మొక్కకు సరిగ్గా కావలసినది.

జహీరాబాద్ సంగతి వేరు. ఆ ప్రాంతం సముద్రమట్టానికి 600 మీటర్లకు పైబడి ఉంది. విజయవాడ, గుంటూరు రెండూ 50 మీటర్ల లోపే. ఆ ఎత్తు వల్ల అక్కడి రాత్రులు మనకన్నా మూడు నాలుగు డిగ్రీలు చల్లగా, నెల రోజులు ముందుగా మొదలవుతాయి. అందుకే అక్కడ అక్టోబరులో నాటిన పైరు బాగా వస్తుంది. చిత్తూరు వైపు పలమనేరు, మదనపల్లె పొలాలలో ఈ పంట నిలదొక్కుకోవడానికి కూడా ఆ ఎత్తే కారణం. కోస్తాలో మనం బంగాళాదుంప అంటాం, తెలంగాణలో ఆలుగడ్డ అంటారు, రాయలసీమలో ఉర్లగడ్డ అంటారు. పండించే ఊళ్ళవారికి సొంత పేరు ఉండి, కొనుక్కుని తినే మనకు మాత్రం బెంగాలు పేరే మిగలడం నాకు ఎప్పుడూ నవ్వు తెప్పిస్తుంది. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలు. టిటికాకా సరస్సు దరి, 3,800 మీటర్ల ఎత్తు. మన మిరప కూడా అమెరికా ఖండాల నుంచే వచ్చింది, పైగా రెండూ ఒకే కుటుంబం. కానీ మిరప వేడిని కోరుకుంది కాబట్టి గుంటూరు దాని ఇల్లయింది. బంగాళాదుంప కొండచలిని మరచిపోలేదు.

దసరాకు మీరు నాటకూడదనడానికి ఉష్ణోగ్రత ఒక్కటే కారణం కాదు. అక్టోబరులో మనకు ఈశాన్య రుతుపవనాల వానలు మొదలవుతాయి. వేడి మట్టి, నీటి తడి రెండూ కలిసిన చోట నాటిన దుంప మొలకెత్తక ముందే కుళ్ళుతుంది. మీ ఆగస్టు దుంపలకు జరిగినది అదే. నేనూ ఒక ఏడాది తొందరపడి అక్టోబరు నడిమిలో కోసిన ముక్కలు నలభై నాటి, వారం రోజుల ముసురు తరువాత తీసి చూస్తే ముప్ఫైకి పైగా మెత్తని బురదగా చేతికి తగిలాయి. నవంబరులో కూడా తుపాను భయం పూర్తిగా పోదు. 2023లో మిచాంగ్ తుపాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. అటువంటి ఏడాదిలో నేలలో నాటినవారికన్నా సంచులలో నాటిన మీవంటివారే అదృష్టవంతులు, రెండు రోజులు సంచులను చూరు కిందికి జరుపుకోవచ్చు. కనుక నాటే ముందు వాతావరణ శాఖ సూచన చూడండి. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందంటే నాలుగు రోజులు ఆగడమే మంచిది. విశాఖ కార్తె తప్పిపోయినా అనూరాధ కార్తె, అంటే డిసెంబరు 2 వరకు నాటవచ్చు, దుంపలు కొంచెం చిన్నవిగా వస్తాయి. ఆ తరువాత నాటవద్దు. ఆ సంచిలో పాలకూరో ముల్లంగో వేసుకోండి.

విత్తనం విషయంలో పని సెప్టెంబరు, అక్టోబరులలోనే ఉంటుంది. కోసి నాటాలా, మొత్తంగానా అని అడిగారు. మన వాతావరణంలో కోడిగుడ్డుకన్నా కొంచెం చిన్నవైన, 30 నుంచి 50 గ్రాముల దుంపలను కోయకుండా నాటడమే నా సలహా. చల్లని ప్రాంతాలవారు ఖర్చు కలిసివస్తుందని పెద్ద దుంపలను కోస్తారు. మన వెచ్చని మట్టిలో కోత గాయం మానేలోగా కుళ్ళు పడుతుంది. పెద్ద దుంపలే దొరికితే, ఒక్కొక్క ముక్కకు రెండు మూడు కళ్ళు, అంటే మొలక వచ్చే గుంటలు, ఉండేలా, ప్రతి దుంపకూ కత్తిని మరిగిన నీటితో కడుగుతూ కోసి, నీడలో గోనెపట్టా మీద రెండు మూడు రోజులు ఆరనివ్వండి. కోసిన ముఖం మీద తోలు వంటి పొర కట్టాక నాటితే కొంతవరకు బతుకుతుంది.

నిజమైన విత్తన దుంపలు మన ఊళ్ళలో కిలో, రెండు కిలోలుగా దొరకడం కష్టం. మీ అక్కగారు జహీరాబాద్‌లో ఉన్నారన్నారు కాబట్టి, మీకు అందరికన్నా సులభమైన మార్గం ఆమే. అక్కడి రైతులు నాటుకునే విత్తనంలో నుంచి కిలో దుంపలు తెప్పించుకొని, వాటిని మాత్రం మన తేదీకే నాటండి. రకం ఎంచుకునే వీలుంటే కుఫ్రీ సూర్య అడగండి. సిమ్లాలోని కేంద్రీయ బంగాళాదుంప పరిశోధన సంస్థ 2006లో విడుదల చేసిన ఈ రకం వేడిని తట్టుకోవడానికే రూపొందింది. రాత్రి వేడి 20 డిగ్రీల వరకు ఉన్నా దుంప కడుతుంది, మన డిసెంబరు రాత్రులకు ఇది సరిగ్గా సరిపోతుంది. అది దొరకకపోతే త్వరగా పంటకు వచ్చే కుఫ్రీ పుఖ్రాజ్ ఫరవాలేదు. కుఫ్రీ అన్నది సిమ్లా దగ్గరి ఒక చిన్న ఊరు. ఆ సంస్థ రకాలన్నీ ఆ ఊరి పేరుతోనే మొదలవుతాయి.

బజారు దుంపలు నాటవచ్చా అని చాలామంది అడుగుతారు. నాటవచ్చు, కానీ చూసి ఎంచుకోవాలి. అక్టోబరులో మన కొట్లలో దొరికేవి ఎక్కువగా ఉత్తరాదిలో ఫిబ్రవరి, మార్చి నెలల్లో తీసి శీతల గిడ్డంగులలో దాచినవి. వాటి నిద్ర తీరిపోయి ఉంటుంది, బయట పెడితే రెండు వారాల్లో కళ్ళు లేస్తాయి. నవంబరు చివర్లో వచ్చే కొత్త దుంపలను మాత్రం కొనవద్దు. బొటనవేలితో రుద్దితే తొక్క ఊడి వచ్చేది కొత్త దుంప. అది కూరకు రుచిగా ఉంటుంది గానీ, తీసిన తరువాత రెండు నెలలకు పైగా నిద్రలో ఉంటుంది కాబట్టి మన గడువులో మొలకెత్తదు. మొలక రాకుండా మందు కొట్టి దాచినవి కూడా కొన్ని వస్తాయి. మూడు వారాలు ఎదురుచూసినా కళ్ళు లేవకపోతే వాటిని వండేసుకోండి. ఏ దుంపకైనా నల్లమచ్చ, మెత్తదనం, కోస్తే లోపల గోధుమరంగు వలయం కనిపిస్తే విత్తనానికి పనికిరాదు. బజారు దుంపతో తెగుళ్ళు మట్టిలోకి వచ్చే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది, అందుకని వాటిని విడి సంచులలోనే నాటండి.

అక్టోబరు 15, 20 తేదీల మధ్య విత్తన దుంపలను కోడిగుడ్ల అట్టలలో, కళ్ళు ఎక్కువగా ఉన్న కొన పైకి వచ్చేలా పేర్చి, ఎండ తగలని వెలుతురులో, వసారాలోనో కిటికీ దగ్గరో ఉంచండి. చీకట్లో వదిలిన దుంపకు తెల్లని పొడవాటి మొలకలు వస్తాయి, పట్టుకుంటే విరిగిపోతాయి. మీరు వంటింటి బుట్టలో చూసినవి అవే. వెలుతురులో ఉంచితే సెంటీమీటరు పొడవున ఆకుపచ్చగా, లావుగా, గట్టిగా వస్తాయి. ఇలా మొలకెత్తించి నాటడం వల్ల మట్టిలో వారం రోజులు కలిసివస్తాయి. ఎనిమిది వారాల చలి మాత్రమే ఉన్న మనకు ఆ వారం చిన్నదేమీ కాదు.

మేడ మీద మీకు అదనంగా ఒక చిక్కు ఉంది. స్లాబు పగలంతా తాగిన ఎండను రాత్రంతా కక్కుతుంది. గాలి 18 డిగ్రీలున్న రాత్రి కూడా స్లాబును ఆనుకున్న సంచి అడుగు వెచ్చగానే ఉంటుంది. సంచులను ఇటుకల మీద గానీ చెక్కల మీద గానీ ఎత్తి పెట్టండి, కింద గాలి ఆడాలి. నల్ల సంచుల కన్నా తెల్లవి మంచివి. పడమటి ఎండ సంచి పక్కలకు నేరుగా తగలకుండా గోనెపట్టా కట్టండి. ఆకులకు మాత్రం ఉదయం నుంచి కనీసం ఆరు గంటల ఎండ అందాలి. మొక్క జానెడు లేచాక పైన వరిగడ్డి రెండు అంగుళాల మందం పరిస్తే మట్టి చల్లగా ఉంటుంది. ఖరీఫ్ కోతలు అప్పుడే సాగుతుంటాయి కాబట్టి కృష్ణా డెల్టాలో వరిగడ్డికి ఆ నెలలో కరువుండదు. ఇంకొక చిన్న మాట: పైట్యాంకులో మధ్యాహ్నం వరకు కాగిన నీటిని మొక్కలకు పోయవద్దు. ఉదయాన్నే పోయండి, లేదా సాయంత్రం బకెట్లలో చల్లారనిచ్చి పోయండి.

మట్టి తేలికగా ఉండాలి. గుంటూరు నల్లరేగడి తడిస్తే బంకలా పట్టుకొని, ఎండితే బీటలిస్తుంది. దుంప అందులో గుండ్రంగా ఊరలేదు. నల్లమట్టి వాడక తప్పకపోతే మట్టి ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, కొబ్బరి పొట్టు, ఇసుక కలిపి ఒక పాలు చొప్పున కలపండి, సంచికి గుప్పెడు వేపపిండి వేయండి. పచ్చిపేడ పనికిరాదు, తొక్కమీద గజ్జి మచ్చలు వస్తాయి. చాలామంది బూడిద చల్లమని చెబుతారు. బంగాళాదుంప కొంచెం పులుపు గుణం ఉన్న నేలను ఇష్టపడుతుంది; మన నల్లరేగడిలో క్షారగుణం ముందే ఎక్కువ, బూడిద ఇంకా పెంచుతుంది. అందుకని మన మట్టిలో నేను బూడిద వాడను. వంగ, టమాటా, మిరప పెంచిన సంచి మట్టిని కూడా దీనికి వాడవద్దు. నాలుగూ ఒకే కుటుంబం కాబట్టి ఒకదాని ఎండు తెగులు రెండోదానికి అంటుతుంది. మీరు వంగ పెంచుతున్నామన్నారు కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను. బెండ, ఆకుకూరల సంచులను దీనికి కేటాయించండి.

పదిహేను అంగుళాల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న సంచిలో రెండు దుంపలే నాటండి. సంచిని సగం వరకే నింపి, దుంపను మూడు అంగుళాల లోతున, మొలకలు విరగకుండా ఉంచి కప్పండి. నాటిన రోజు ఒకసారి తడిపి, మొలక పైకి వచ్చేవరకు పైమట్టి ఆరితేనే కొంచెం నీరివ్వండి. ఈ దశలో ఎక్కువైన నీరే దుంపను చంపుతుంది. మొక్క జానెడు ఎత్తుకు వచ్చాక, అంటే నాటిన 25, 30 రోజులకు, మిగిలిన మట్టిలో గుప్పెడు వర్మీకంపోస్టు కలిపి కాండం చుట్టూ ఎగదోయండి. ఎగదోయడం మరచిపోతే పైకి తేలిన దుంపలు వెలుతురుకు ఆకుపచ్చగా మారి చేదెక్కుతాయి. ఆ చేదులో సొలనిన్ అనే విషపదార్థం ఉంటుంది, వాటిని తినకూడదు. సంచి మీద సంచి పేర్చినట్టు మట్టి పోస్తూ పోతే అంతస్తుల వారీగా దుంపలు వస్తాయని వీడియోలలో చూపిస్తుంటారు. త్వరగా పంటకు వచ్చే మన రకాలలో దుంపలు అడుగు భాగంలో ఒకే దఫా కడతాయి, ఆ శ్రమ వృథా. యూరియా గానీ, వారం వారం జీవామృతం గానీ పోయవద్దు. ఆకు పెరిగి దుంప తగ్గుతుంది, మళ్ళీ ఫిబ్రవరి కథే అవుతుంది.

దుంప కట్టడం మొదలయ్యాక నీటి విషయంలో మనసు మార్చుకోవాలి. డిసెంబరు రెండో వారం నుంచి జనవరి చివరి వరకు మట్టి ఎండకూడదు, నీరు నిలవనూ కూడదు; ఒకసారి ఎండి మరొకసారి ముంచితే దుంపలు పగులుతాయి, వంకర ఆకారాలు తిరుగుతాయి. పేనుబంక, తెల్లదోమ, నల్లి ఆకుల అడుగున చేరతాయి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీరు కలిపి సాయంత్రం ఆకు అడుగు తడిసేలా చల్లితే ఇంటి మొక్కలకు చాలు. ఆకు ముడుచుకొని, పసుపు, ఆకుపచ్చ మచ్చలు కలగలిసిన మొక్క కనిపిస్తే అది వైరస్. మందు లేదు, పీకి పారవేయండి. ఎర్రచీమలు సంచి అడుగు నుంచి వచ్చి దుంపను కొరుకుతాయి, ఇటుకల చుట్టూ ఒక కన్ను వేసి ఉంచండి.

రథసప్తమి ప్రాంతంలో కింది ఆకులు పసుపుపచ్చగా మారడం చూస్తారు. అప్పుడు నీరు ఆపి, వారం పది రోజులు ఆగి, కాండాన్ని మట్టి మట్టంలో కోసేసి, మరొక వారానికి దుంపలు తీయండి. ఈ విరామంలో తొక్క గట్టిపడుతుంది. మొక్క మొత్తం ఎండాలని శివరాత్రి దాటించి ఎదురుచూడవద్దు, వేడెక్కిన మట్టిలో ఉన్న దుంప కుళ్ళుతుంది, లేదా అక్కడే మళ్ళీ మొలకేస్తుంది. మొక్కకు పావుకిలో వస్తే మన వాతావరణంలో మంచి పంట కింద లెక్క. పది మొక్కలు వేస్తే రెండు, రెండున్నర కిలోలు. బజారు ధర లెక్కేసుకుంటే గిట్టదు; తీసిన రోజు తొక్కతో సహా వేయించిన కూర కోసమే ఇది నాటుకోవాలి. దుంపకూరలు ఇంట్లో నిండుగా కావాలనుకుంటే మన నేలకు కంద, చేమ, చిలగడదుంప ఉన్నాయి. దుగ్గిరాల పసుపు చేల పక్కన కంద ఎంత సులువుగా ఊరుతుందో చూసినవారికి బంగాళాదుంపతో ఈ పాట్లన్నీ ఎందుకనిపించినా ఆశ్చర్యం లేదు.

తీసిన వాటిలో చిన్నవి దాచి వచ్చే ఏడు విత్తనంగా వాడుకుందామని మీకు తప్పకుండా అనిపిస్తుంది. ఫిబ్రవరి నుంచి నవంబరు వరకు, మధ్యలో మే నెల ఎండలు దాటించి, ఇంట్లో దుంపను కాపాడడం సాధ్యం కాదు. ఫ్రిజ్‌లో పెట్టినా తొమ్మిది నెలలకు వడలిపోతుంది, వైరస్ ఉంటే అదీ వెంట వస్తుంది. ఉన్నవన్నీ వండుకొని, వచ్చే సెప్టెంబరులో మళ్ళీ మీ అక్కగారికి ఫోను చేయండి.